అరవై మూడో నంబరు బియ్యాన్ని కోళ్లకు వేయవద్దని మనవి

వరి పరిశోధన కేంద్రం సంచాలకులు గారి సముఖమునకు,

కేంద్రం ప్రహరీకి ఎదుటి వీధిలో పుస్తకాల బైండింగు దుకాణం నడుపుకొనుచు, తమ రుచి పరీక్షా సంఘంలో సభ్యుడిగా ఉండి, గత వారం మాజీ అయినవాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: వంగడం నంబరు 63 విత్తనాలను ఈ శుక్రవారం కోళ్ల విభాగానికి అప్పగించకుండా ఆపుట, సదరు వంగడానికి నేను పదికి రెండు మార్కులే ఇచ్చి ఉన్నానని, ఆ రెండూ నిజమైనవేనని, అయినప్పటికీ ఆపవలెనని కోరుట గురించి.

సూచిక: సంఘాన్ని రద్దు చేస్తూ తమ కార్యాలయం నుంచి వచ్చిన లేఖ. (జత చేయడమైనది. మడతలో అంటిన జిగురు నా దుకాణానిది.)

తమకు మనవి చేసుకొను సంగతులు ఈ దిగువన వరుసగా ఉన్నవి.

1. నేను పుస్తకాలు బైండు చేస్తాను. తమ కేంద్రం వార్షిక నివేదికలు ఏళ్ల తరబడి కుడుతున్నది నేనే. వాటిని ఎన్నడూ చదవలేదు. కుట్టేవాడికి పుస్తకం వీపుతోనే పని. కనుక ఈ అర్జీలో శాస్త్రం ఎక్కడైనా తప్పుగా కనిపిస్తే అది నాది, సరిగ్గా కనిపిస్తే వరి డాక్టరమ్మది. వరి డాక్టరమ్మ అంటే తమ కేంద్రంలో కొత్త వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త. మా వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. మొదట్లో ఒకరిద్దరు దగ్గుకు మందు కూడా అడిగారు.

2. సంఘంలోకి మమ్మల్ని ఎంపిక చేసిన విధానం తమకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందున్న సంఘంలో పన్నెండు మంది. ఒకరు అన్నం ముద్దయిందన్నారు. పక్కవారు పలుకుగా ఉందన్నారు. మూడోవారు వాళ్లిద్దరికీ తినడమే రాదన్నారు. ఆపైన పళ్లేలు లేచాయి. ఆ అనుభవంతో తమ వంటశాల గుమాస్తా గేటుకు కొత్త ప్రకటన అంటించాడు: "ఏది పెట్టినా వంక పెట్టకుండా తినేవారు కావలెను. రోజుకింత అని భత్యం ఇవ్వబడును."

భత్యం అనే మాటకు వీధి వీధంతా కదిలింది. గుమాస్తా అందరినీ వరుసగా కూర్చోబెట్టి తలా ఒక పళ్లెం పెట్టాడు. మాడిన అన్నం, ఉప్పు లేని కూర. మొదటి ముద్దకే మొహం చిట్లించినవారిని మర్యాదగా గేటు దాకా సాగనంపాడు. చివరికి మిగిలింది ముగ్గురం. నేను, క్షౌరశాల నడిపే నా బావమరిది, పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెప్పే టీచరమ్మ. నా బావమరిది పళ్లెం ఊడ్చినట్టు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా సార్?" అని అడిగాడు. గుమాస్తా లేచి నిలబడి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు.

గుమాస్తా వెతికింది నోరు మంచివాళ్లను. అతనికి దొరికింది నాలుక మొద్దుబారినవాళ్లు. ఈ తేడా అప్పుడు అతనికీ తెలియదు, మాకూ తెలియదు.

3. మొదటి రుచి పరీక్ష. నంబర్లు వేసిన ఆరు గిన్నెల్లో ఆరు రకాల అన్నం పెట్టారు. ఒక్కో రకం తిన్నాక నోరు పుక్కిలించడానికి పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టారు. ఒక్కో గిన్నెకు పదికి ఇన్ని అని మార్కులు వేయమన్నారు. నేను ఆరింటికీ ఎనిమిదేసి వేశాను. నిజాయితీగానే వేశాను. ఆరూ వేడిగా ఉన్నాయి, ఆరూ మెత్తగా ఉన్నాయి. అంతకు మించి నా నాలుక ఏ సమాచారమూ ఇవ్వలేదు. బయటికి వస్తూ మిగిలిన ఇద్దరూ ఇలా మాట్లాడుకున్నారు.

"ఏడింటికి మార్కులు వేశావేంటి బాబూ? గిన్నెలు ఆరే కదా?"

"నీళ్లక్కూడా వేశానండీ. పక్కనే పెట్టారు. వదిలేస్తే వాళ్ల మనసు నొచ్చుకోదూ?"

"నీళ్లకు ఎంత వేశావు?"

"ఎనిమిది."

టీచరమ్మ ఊరట పడింది. "అది కూడా పరీక్షేనేమో అనుకుని నేనూ వేశాను. ఏడున్నర," అంది.

ఆ మరుసటి వారం తమ కార్యాలయం మా ముగ్గురికీ ప్రశంసాపత్రాలు ఇచ్చింది. సభ్యుల మధ్య ఇంతటి ఏకాభిప్రాయం కేంద్రం చరిత్రలోనే లేదని అందులో రాశారు. నా బావమరిది దాన్ని చట్రం కట్టించి దుకాణంలో అద్దం పైన తగిలించాడు.

4. ఆ తరువాత మా రక్తం తీసుకున్నారు. మా ముగ్గురిలోనూ జింకు ఉండవలసిన దానికంటే తక్కువగా ఉందని తేలింది. వరి డాక్టరమ్మ ఆ కబురు పెళ్లి కబురు చెప్పినంత సంతోషంగా చెప్పింది. పరిశోధనకు అలాంటివాళ్లే కావాలట.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత మేరకు ఇది. ఒంట్లో జింకు చాలకపోతే పిల్లలు సరిగా ఎదగరు. ఆకలి మందగిస్తుంది. దెబ్బలు త్వరగా మానవు. చీటికీ మాటికీ జబ్బు చేస్తుంది. మూడు పూటలా అన్నమే తిని, పక్కన కాసింత కూర మాత్రమే నంజుకునే ఇళ్లలో ఈ లోటు ఎక్కువ. తెల్లగా మర పట్టిన బియ్యంలో జింకు తక్కువ గనుక. అందరికీ మాంసమూ పప్పులూ పెట్టే స్థోమత ఉండదు. అందుకని ఆ తినే అన్నంలోనే జింకు ఎక్కువ ఉండేలా వంగడం తయారుచేయాలని ఆమె పన్నెండేళ్లుగా పని చేస్తోంది. అదే నంబరు 63.

ఆ రోజు నుంచి నాలుగు నెలల పాటు మా మూడు ఇళ్లకూ సంచులతో 63 బియ్యం పంపారు. ఇంట్లో వేరే బియ్యం వండకూడదని నియమం. మేం పాటించాం. ఉచితంగా వచ్చేదాన్ని ఉల్లంఘించే ఆచారం మా వీధిలో లేదు.

5. రెండో నెల చివర్లో నా జిగురు పాడైంది. బైండింగుకు మేము మైదా ఉడకబెట్టి జిగురు చేస్తాము. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలుపుతాము. కుట్టేటప్పుడు దారం కొసను నోట్లో తడుపుకోవడం, అట్టముక్కను పళ్ల మధ్య పట్టుకోవడం, కాగితాలు విడదీయడానికి వేలు నాలుకకు రాసుకోవడం నా వృత్తిలో మామూలే. ఆ రోజు ఉదయం దారం నోట్లో పెట్టుకోగానే చేదు నషాళానికి అంటింది. జిగురు కుళ్లిందనుకుని గిన్నెడూ పారబోసి కొత్తది ఉడకబెట్టాను. అదీ చేదే. మైదా కొట్టువాడితో పోట్లాడి వేరే మైదా తెచ్చాను. అదీ చేదే. కొట్టువాడు నా ఎదురుగానే పచ్చి మైదా చిటికెడు నోట్లో వేసుకుని, "మైదా మైదాలాగే ఉంది. నువ్వే ఏదో అయ్యావు," అన్నాడు.

ఆ జిగురు ఎప్పుడూ అంత చేదుగానే ఉండేదని, ఇన్నేళ్లూ రోజుకు పదిసార్లు దాన్ని నాకుతూ నేను హాయిగా పని చేసుకున్నానని తెలియడానికి మరో వారం పట్టింది. ఇప్పుడు దారాన్ని తడి స్పాంజికి అద్దుకుంటున్నాను.

6. ఈ అంశం నా భార్య కోరిక మేరకు తొలగించడమైనది.

7. అర్జీ మొత్తం చదివి, ఆరో అంశం లేకపోతే తరువాతది ఎవరికీ అర్థం కాదని, పైగా ఏముందో అని జనం ఇంకా ఘోరంగా ఊహించుకుంటారని, ఆమే తిరిగి రాయమన్నది. అది ఏమనగా:

నేను చాలా కాలంగా "కూర చప్పగా ఉంది" అంటూ వచ్చాను. నేను అన్నప్పుడల్లా ఆమె కాస్త ఉప్పు పెంచింది. కొన్నాళ్లకు మళ్లీ అన్నాను. కారం పెంచింది. ఇంకా అంటే నిమ్మకాయ పిండింది. ఇన్నేళ్లూ ఆమె తిన్నదీ అదే కొట్టు బియ్యం కాబట్టి ఆమె నాలుక కూడా నా నాలుకకు తోడుగానే మొద్దుబారుతూ వచ్చింది. ఇద్దరమూ ఒకే పడవలో ఉన్నాం గనుక పడవ మునుగుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు. ఇంటికి వచ్చిన చుట్టాలు రెండు ముద్దలు తిని కడుపు నిండిందనేవారు. మా చుట్టాలంతా మితంగా తింటారని మేము మెచ్చుకునేవాళ్లం.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం క్యాబేజీ కూర వడ్డించింది. ఒక ముద్ద నోట్లో పెట్టి ఆగిపోయాను.

"ఏమైంది?" అంది.

"ఏం లేదు. కాస్త ఉప్పు..."

"చప్పగా ఉందా? ఉండండి, తెస్తున్నా."

"వద్దు! సముద్రంలో ఉప్పు నువ్వు ఇంకేం తెస్తావు?"

"నిన్నటిదాకా చప్పన అన్నది ఎవరు? మీరు కాదూ? వేశాను. మళ్లీ అన్నారు, మళ్లీ వేశాను. ఇవాళ వచ్చి సముద్రమట! నా చెయ్యి ఇక్కడే ఉంది. ఇన్నాళ్లూ మీ నాలుక ఏ ఊరు వెళ్లిందో మీరే చెప్పాలి."

"నువ్వొక ముద్ద తిని చూడు."

పంతం కొద్దీ తిన్నది. ఇంకో ముద్ద తిన్నది. గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి పెట్టి, నెమ్మదిగా అడిగింది: "ఏమండీ, ఇది నేనే వండానా?"

నేను మజ్జిగ పోసుకున్నాను. కాపురం అన్నాక కొన్ని ప్రశ్నలను దాఖలు చేసుకుని ఊరుకోవాలి.

8. మిగిలిన సభ్యుల పరిస్థితి.

(అ) నా బావమరిది. అతను నా భార్యకు తమ్ముడు. ప్రతి ఆదివారం మా ఇంట్లో భోజనం చేసి, "అక్క చేతి వంటే వంట" అనేవాడు. మూడో నెల నుంచి రావడం మానేశాడు. దుకాణంలో పని ఎక్కువైందని కబురు పంపాడు. వెళ్లి చూస్తే కుర్చీలో తనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "బావా, అక్కతో చెప్పకు. ఏదో చేతబడి జరిగింది. ఏది తిన్నా దాని రుచి తెలిసిపోతోంది," అన్నాడు. కత్తి గీసుకుంటే వారాల తరబడి మానని అతని చేతి గాయాలు ఇప్పుడు త్వరగానే మానుతున్నాయి. అతని ఖాతాదారుల గాయాలు ఈ అర్జీ పరిధిలోకి రావు.

(ఆ) టీచరమ్మ. ఒంటరిగా ఉంటుంది. ఆమె నాతో అన్న మాటలు యథాతథంగా: "మీకేం బాబూ, మీరు ఇంటావిడ మీద పడి ఏడవచ్చు. ఇరవై ఏళ్లుగా నేనే వండుకుని నేనే తిన్నాను. నేనెవరి మీద కేసు వేయాలి?"

ఆమె ఇప్పుడు వంట నేర్చుకుంటోంది. లెక్కలకు వచ్చే పిల్లల తల్లుల దగ్గర నేర్చుకుంటోంది. వాళ్లు ఆమెకు ఇంటిపని ఇస్తున్నారు.

(ఇ) మా ఇంట్లో కూర ఇప్పుడు బాగుంటోంది. నా భార్య ఉప్పూ కారమూ మొదటికి తెచ్చింది. బావమరిది ఆదివారాలకు తిరిగి వచ్చాడు. ఇది ఫిర్యాదు కాదు. వరుసలో రావలసి వచ్చింది గనుక రాశాను.

9. రెండో రుచి పరీక్ష. నాలుగు నెలలు పూర్తయ్యాక మళ్లీ పిలిచారు. మళ్లీ ఆరు గిన్నెలు. ఈసారి ఏ గిన్నెకు ఆ గిన్నె తేడా మాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఒక రకం కమ్మగా ఉంది. ఒకటి కాస్త తీపి. ఒకటి పాత బియ్యం వాసన. నాలుగో గిన్నెలోది నమలగానే ముగ్గురమూ ఒకేసారి ఆగిపోయాం. ఇంట్లో కూర కలుపుకుని తింటే సరిపోయేది. వట్టిగా తింటే దాని అసలు స్వరూపం బయటపడింది.

అయ్యా, ఆ రుచి తడిసిన అట్టముక్క రుచి. ఇది పోలిక కోసం చెబుతున్నది కాదు. అట్టముక్కలు నోట్లో పెట్టుకోవడం నా వృత్తి అని అయిదో అంశంలో విన్నవించుకున్నాను. అందులోనూ చవకరకం అట్ట. అంచులు జిగటగా కరిగిపోతాయి, నడుమ మాత్రం గట్టిగా ఉంటుంది. నేను పదికి రెండు ఇచ్చాను. టీచరమ్మ ఒకటీ ముప్పావు ఇచ్చింది. నా బావమరిది మొట్టమొదటిసారిగా తన జీవితంలో ఒకదానికి ఒక్క మార్కు వేసి, పక్కన "క్షమించాలి" అని రాశాడు. నీళ్లకు ముగ్గురమూ మార్కులు వేయలేదు.

ఆ నాలుగో గిన్నె 63 అని తరువాత తెలిసింది. వారం తిరక్కుండా తమ లేఖ వచ్చింది. నాలుగు నెలలు తిన్నాక వినియోగదారులకు మొహం మొత్తినందున వంగడం 63 తిరస్కరించబడినదని, దాని విత్తనం మొత్తం శుక్రవారం కోళ్ల విభాగానికి దాణాగా ఇవ్వబడునని, మా సేవలకు కృతజ్ఞతలని అందులో ఉంది.

10. లేఖ వచ్చిన సాయంత్రం వరి డాక్టరమ్మ నా దుకాణానికి వచ్చింది. రుచి మార్కులు వంగడం తయారుచేసినవారికి ముందుగా చూపకూడదని తమ నియమం. మంచి నియమమే. అందువల్ల ఆమె కూడా మా మార్కులు ఆ రోజే మొదటిసారి చూసింది. అట్టల కట్ట మీద కూర్చుంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను.

"ఒక్కటి చెప్పండి. మొదట్లో 63కు ఎనిమిది వేశారు. ఇప్పుడు రెండు. విసుగొచ్చిందా? రోజూ అదే తిని మొహం మొత్తిందా?"

"లేదమ్మా. దాచకుండా చెబుతున్నా. ఇప్పుడే దాని రుచి తెలిసింది."

"ఇప్పుడే తెలియడమేంటి?"

"అది ఒక్కటే కాదమ్మా, అన్నిటి రుచీ ఇప్పుడే తెలిసింది. జిగురు చేదు. టీ కొట్టువాడి టీలో పొగ వాసన. మా ఆవిడ కూర సంగతి ఇక్కడ వద్దు. మా బావమరిదికీ ఇంతే. టీచరమ్మకూ ఇంతే."

"మరి మొదటి పరీక్షలో?"

"మొదటి పరీక్షలో మావాడు నీళ్లకు ఎనిమిది వేశాడు."

ఆమె నన్ను చూసింది. దుకాణం కప్పు చూసింది. మళ్లీ నన్ను చూసింది. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే, నిక్కరు గుండీలు కొనడానికి పక్క కొట్టుకు వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి చూశారు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు భాగం ఎంతో, మిగతాది ఎంతో నేను చెప్పలేను.

"జింకు చాలకపోతే నాలుకకు రుచి తెలియదు," అంది. "అది అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి అలా అవుతుంది. మీ ముగ్గురికీ అయింది. వంక పెట్టనివాళ్లు కావాలని మా గుమాస్తా వెతికి వెతికి వీధిలో రుచి తెలియని ముగ్గుర్నీ ఏరి తెచ్చాడు. నా బియ్యం తిని మీకు నాలుక వచ్చింది. వచ్చిన నాలుకతో నా బియ్యాన్నే ఫెయిల్ చేశారు."

"అయితే మళ్లీ పరీక్ష పెట్టించండమ్మా. ముగ్గురం వచ్చి తొమ్మిదేసి వేస్తాం."

"వద్దు."

"మావాడు పది వేస్తాడు. అలవాటే."

"వద్దన్నానా! అట్టముక్కలా ఉంటే అట్టముక్కలా ఉందనే రాయాలి. దొంగ మార్కులతో ఊళ్లోకి పంపితే, జనం ఒక్క పూట తిని అవతల పారేస్తారు. అప్పుడు జింకు ఎవరి ఒంట్లోకి వెళుతుంది?"

ఆ రుచి జింకు వల్ల వచ్చింది కాదని ఆమె వివరించింది. జింకు కోసం ఆమె ఒక మొండి పాత రకాన్ని తల్లిగా తెచ్చింది. దిగుబడి కోసం మంచి రకాన్ని తండ్రిగా చూసింది. "జింకు తల్లి పోలిక, దిగుబడి తండ్రి పోలిక. రుచి మాత్రం మేనత్త పోలిక కూడా రాలేదు," అంది. 63ను ఇంకో కమ్మని రకంతో కలిపితే, జింకు నిలుపుకుంటూనే రుచి తెచ్చే పిల్లలు పుట్టవచ్చు. కొన్ని పంటల కాలం పడుతుంది. అందుకు ముందు 63 విత్తనం బతికి ఉండాలి. తిరస్కరించిన వంగడం విత్తనం దాచుకోవడానికి ఆమెకు అధికారం లేదు. ఉన్నదంతా ఒకే గదిలో ఉంది. గది తాళం శుక్రవారం కోళ్ల విభాగానికి వెళుతుంది. పన్నెండేళ్ల పని. ఒక కోడి దాన్ని ఎంతసేపట్లో తింటుందో నేను అడగలేదు.

11. కోళ్ల మీద నాకు ద్వేషం లేదు. అయితే వాటికి రుచి తెలియడం లేదని గాని, తెలియాలని అవి కోరుతున్నాయని గాని ఎక్కడా దాఖలా లేదు.

12. కావున తమరు దయచేసి:

మా రెండో పరీక్ష మార్కులను రద్దు చేయకుండా, అలాగే ఉంచి, వాటిని వేరే రకంగా చదవవలెనని కోరుచున్నాను. మొదటి పరీక్షలో నీళ్లకు ఎనిమిది వేసినవారు రెండో పరీక్షలో చెత్త అన్నాన్ని చెత్త అనగలిగారు. ఆ నాలుగు నెలల్లో వారు కొత్తగా తిన్నది ఒక్కటే. ముగ్గురి మాట మీద ఏదీ రుజువు కాదని టీచరమ్మ పక్కనుంచి హెచ్చరిస్తోంది. ముగ్గురి మాట మీద తిరస్కరించడం మాత్రం ఎలా కుదిరిందని కూడా ఆమే అడుగుతోంది. ఇంకో ముప్పై ఇళ్లలో, అన్ని రకాల నాలుకలతో పరీక్ష పెట్టవచ్చు. మళ్లీ రక్తం ఇవ్వడానికి మేము సిద్ధం. బావమరిది కళ్లు మూసుకుంటానన్నాడు.

విత్తనాన్ని వరి డాక్టరమ్మ దగ్గరే ఉంచవలెను. ఇది ముఖ్యమైన కోరిక. మిగతావి మన్నించకపోయినా దీన్ని మన్నించవలెను.

ఇకముందు సభ్యుల కోసం ప్రకటన వేసేటప్పుడు వంకలు పెట్టేవారినే పిలవవలెను. మా వీధిలో వారికి కొదవ లేదు. పళ్లెం విసిరిన ఆయన ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాడు.

ప్రస్తుతం మా ఇంట్లో రుచి లేనిది ఒక్కటే. మిగతా అన్నిటికీ రుచి తెచ్చి పెట్టిన ఆ బియ్యం. దాన్ని వదిలేస్తే మళ్లీ కొట్టు బియ్యానికి వెళ్లాలి. కొన్నాళ్లకు జిగురు చేదు తగ్గుతుంది. మరికొన్నాళ్లకు కూర చప్పబడుతుంది. నా భార్య మళ్లీ ఉప్పు డబ్బా అందుకుంటుంది. మా చుట్టాలు మళ్లీ మితంగా తినడం మొదలుపెడతారు. ఇదంతా మాకు తెలియకుండానే జరుగుతుంది, అదే నా భయం. మాకంటే నోరు లేని చంటిపిల్లలున్న ఇళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్లు అర్జీ రాయలేరు.

సర్వం తమరు తీరికగా, వీలైతే శుక్రవారానికి ముందే, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
(మార్కుల విషయంలో తప్ప)
ఎదుటి వీధి బైండింగు దుకాణదారుడు

మమ్మల్నీ ఇందులో కలుపుకోవలెనని కోరిన మిగతా ఇద్దరు సభ్యుల సంతకాలు కింద ఉన్నవి. నా బావమరిది అర్జీకి పదికి ఎనిమిది వేశాడు. కొట్టివేయించాను.

తా.క.: ఈ అర్జీ ఇవ్వడానికి ముగ్గురమూ ఈ రోజు మధ్యాహ్నం తమ కార్యాలయానికి వచ్చాం. తమరు భోజనానికి వెళ్లారని, క్యాంటీన్‌లో వేచి ఉండమని చెప్పారు. వెళ్లి భోజనం తెచ్చుకుని కూర్చున్నాం. తమరు పక్క బల్ల దగ్గరే ఉన్నారు. మమ్మల్ని గమనించలేదు.

బంగాళాదుంప కూర ఒక చెంచా తినగానే టీచరమ్మ చెంచా కింద పెట్టేసింది. నా బావమరిది నోట్లోది రుమాల్లోకి బదిలీ చేశాడు. నేను ఎలాగో మింగి నీళ్లు తాగాను. ఇంతలో వంటవాడు చెమటలు కక్కుతూ బల్ల బల్ల దగ్గరికీ వచ్చి చెవిలో చెప్పసాగాడు: "కూర తినకండి సార్. ఉప్పనుకుని వంట సోడా వేసేశాను." హాలంతా పళ్లేలు పక్కకు జరిగాయి. అతను తమ బల్ల దగ్గరికి చేరేలోపే తమరు పళ్లెం ఖాళీ చేసి, అతన్ని పిలిచి, "ఇవాళ కూర బ్రహ్మాండంగా కుదిరిందయ్యా. ఇంకాస్త ఉందా?" అని అడిగారు.

వంటవాడు వడ్డించాడు. తమరు అదీ తిన్నారు.

మేము ముగ్గురమూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. టీచరమ్మ మాత్రం, "అయ్యో, పాపం," అంది. ఆ తరువాత ముగ్గురమూ అర్జీ ఇవ్వకుండానే ఇంటికి వచ్చి, ఈ నాలుగు ముక్కలూ చేర్చి, రేపు ఉదయం పంపాలని నిర్ణయించాం.

అయ్యా, తమరి రక్తం గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. వరి డాక్టరమ్మకు ఉంది. ఒక్క చుక్క ఆమెకు చూపించండి. ఈ లోపల మా ఇంట్లో మిగిలిన 63 బియ్యం సంచీని అర్జీతో జత చేస్తున్నాను. నా భార్య మూతి కుట్టి ఇచ్చింది. కూర కలుపుకునే తినండి. మొదట్లో ఏమీ తెలియదు. ఒక రోజు తమ ఇంట్లో ఎవరినో ఏదో అనబోతారు. ఆ రోజు నోరు అదుపులో పెట్టుకోండి, అనుభవంతో చెబుతున్నాను. ఆ పైన 63ను రుచి చూసి, ఎంత చెత్తగా ఉందో తమరే స్వయంగా తెలుసుకుని, అప్పుడు విత్తనం గది తాళం గురించి నిర్ణయించండి.

సంచీ చూసి అపార్థం చేసుకోవద్దు. ఇది లంచం కాదు. లంచమైతే ఇంతకంటే రుచిగా ఉండేది.